కసిమీరో కొట్లో గ్లెండా వంతు

గ్లెండా ఆర్మరాడ్‌కి ఈ లోకంలో ఎవరిమీదా పగ లేదు, ఒక్క దోన్యా అంగుస్తియాస్ మీద తప్ప. ఆ పగ కూడా కసిమీరో మాంసం కొట్టు గడప దాటితేనే రాజుకునేది. బయట వీధిలో ఎదురుపడితే ఇద్దరూ నవ్వుతూ తల ఊపుకునేవాళ్ళే. కొట్లోకి అడుగుపెట్టారంటే చాలు, గ్లెండా కంటికి ఆ ముసలావిడ పచ్చి దొంగలా కనిపించేది.

ఏం దొంగిలించిందంటారా? వంతు. ఇంగ్లండు మనిషి దగ్గర ఇంతకుమించి దొంగిలించదగ్గది ఏముంది?

గ్లెండా పుట్టి పెరిగింది రాచ్‌డేల్‌లో. బడి వంటశాలలో గరిటె పట్టుకుని, వందలమంది పిల్లల్ని వరసలో నిలబెట్టి, ఒక్కడు అడ్డం దూరినా చెవి పట్టుకుని చివరికి పంపిన మనిషి. అలాంటిది రిటైరయ్యాక మొగుడు క్లైవ్‌తో కలిసి స్పెయిన్ దక్షిణాన బెనల్మోరో అనే కొండ ఊళ్ళో ఇల్లు కొనుక్కుని, పదేళ్ళ పైబడి కసిమీరో గాజు పెట్టె ముందు నిటారుగా నిలబడుతోంది. ఆవిడ వెనక ఒక్క పురుగైనా నిలబడదు. ఊరి ఆడవాళ్ళంతా గోడవారగా వేసిన కుర్చీల్లో చేరగిలబడి కబుర్లాడుకుంటూ ఉంటారు. కొందరైతే లోపలికి రాగానే ఒక కేక వేసి, రొట్టెల కొట్టుకి వెళ్ళిపోయి, తీరిగ్గా తిరిగొచ్చి, గ్లెండా భుజం పక్కనుంచి చెయ్యి చాపి పావుకేజీ కీమా పట్టుకుపోతారు. అందరూ వెళ్ళాక కసిమీరో కత్తి తుడుచుకుని, "మీకేం కావాలి రాణీ?" అని తీయగా అడుగుతాడు. అప్పటికి గ్లెండా మోకాళ్ళు ఆవిడ పేరెత్తి తిడుతూ ఉంటాయి.

నోరు తెరిచి గొడవ పెట్టుకుందా అంటే అదీ లేదు. గట్టిగా ఊపిరి వదిలేది. గొంతు సవరించుకునేది. ఇంగ్లండులో ఆ రెండు పనులు చేస్తే వరస తప్పినవాడు సిగ్గుతో చచ్చిపోతాడు. ఇక్కడ మాత్రం ఎవరో ఒకరు జాలిగా దగ్గు బిళ్ళ ఇచ్చేవారు.

ఇంటికొచ్చి సంచీ బల్లమీద విసిరికొట్టి, "ఇవాళా అంతే! నాలుగోసారి దూరింది ఆ ముసల్ది!" అని క్లైవ్ చెవి తినేసేది. క్లైవ్ తన వంతు చిరాకులు తనూ విప్పేవాడు. ఆయన రాచ్‌డేల్‌లో బస్సు డ్రైవరుగా చేసినవాడు, వేళ తప్పితే ఒంటికి పడదు. ఈ ఊళ్ళో కొట్లన్నీ మధ్యాహ్నం మూతపడి సాయంత్రం ఎప్పుడో తెరుచుకుంటాయి. ఇన్నేళ్ళుగా చూస్తూ కూడా ఆయన మేకులు కొనడానికి సరిగ్గా తలుపులు మూసే వేళకే వెళ్తాడు. వెళ్ళి, ఆ ఇనప షట్టరుకి ఒక ఉపన్యాసం ఇచ్చి వస్తాడు. ఇక్కడి టీ పొట్లాలు వేడినీళ్ళని కనీసం భయపెట్టనైనా లేవని, నెలల తరబడి విరగని అట్టపెట్టె పాలు అసలు పాలే కావని ఆయన వాదన. అలా ఇద్దరూ రోజూ ఊరిని తిట్టుకుని, తర్వాత అంజూరచెట్టు నీడలో కూర్చుని భోంచేసేవాళ్ళు.

ఒకరోజు క్లైవ్ షట్టరు దగ్గర్నుంచి తిరిగొచ్చి, టోపీ తీసి, మామూలుగా తిట్టాల్సింది తిట్టలేదు.

"గ్లెన్, ఇక నావల్ల కాదు. ఇల్లు అమ్మేద్దాం. రాచ్‌డేల్ పోదాం. అక్కడ మేకులు రోజంతా అమ్ముతారు."

గ్లెండా పకపకా నవ్వింది. తర్వాత ఆయన మొహం చూసి ఆపేసింది.

ఆవిడకి వెళ్ళాలని లేదు. రాచ్‌డేల్‌లో ఆవిడ మోకాళ్ళు నవంబరులో బిగుసుకుంటే మళ్ళీ మే నెలకి గానీ వదిలేవి కావు. ఇక్కడ పొద్దున్నే కిటికీ తెరిస్తే ఎండ వచ్చి ఒళ్ళో కూర్చుంటుంది. బట్టలు ఆరేస్తూ పాడుకుంటుంది, ఎవరూ నవ్వరు. ఈ ఊరంటే ఆవిడకి ప్రాణం. కానీ ఆ మాట పైకి అనడం వాళ్ళ ఇంటా వంటా లేదు. వాళ్ళమ్మ కూడా ఫలానాది కావాలని చచ్చేదాకా నోరు తెరిచి అడగలేదు, అడక్కుండా ఎవరైనా ఇస్తారేమోనని చూస్తూ కూర్చుంది. అందుకని గ్లెండా, "తిండికి ఇక్కడ ఏం తక్కువైంది నీకు?" అని అడ్డదారి పట్టింది.

"తిండా? సరే, పందెం!" అన్నాడు క్లైవ్. "ఈ శనివారం కాదు, ఆ పై శనివారం నాకు ఎనభై. ఆ రోజు నా పళ్ళెంలో అసలు సిసలు కిడ్నీ పుడ్డింగు పెట్టు. డబ్బాలోది కాదు. మా అమ్మ చేసినట్టు ఎద్దు మాంసం, ఎద్దు కిడ్నీ, దాని చుట్టూ ఉండే కొవ్వు, పిండి, ఉల్లిపాయ. ఇంకేమీ పడకూడదు. పెట్టావా, నోరు మూసుకుని ఈ మట్టిలోనే కలుస్తా. పెట్టలేదా, సోమవారం పొద్దున్నే బ్రోకరుకి ఫోను."

బడి వంటావిడతో పుడ్డింగు మీద పందెం! గ్లెండా అక్కడికక్కడే చెయ్యి కలిపింది. సామాను ఎక్కడ దొరుకుతుందన్నది తర్వాత గుర్తొచ్చింది.

మర్నాడే సముద్రం ఒడ్డు ఊళ్ళో ఉన్న ఇంగ్లీషు సరుకుల కొట్టుకి బస్సులో వెళ్ళింది. కొవ్వు పొట్లాలు ఉండాల్సిన అరలో పుదీనా చాక్లెట్లు పేర్చి ఉన్నాయి.

"ఇంగ్లండు ఓటేసి యూరప్‌తో తెగతెంపులు చేసుకున్నాక మాంసం సరుకు తెప్పించడం మానేశానమ్మా, ఆ కాగితాలతో చావలేక" అన్నాడు కొట్టాయన. "ఓటేసే ముందే ఆలోచించాల్సింది."

"నేను వేయలేదు."

"మరి మీ ఆయన?"

గ్లెండా చాక్లెట్లు బాగున్నాయని మెచ్చుకుని బయటపడింది.

ఇక మిగిలింది కసిమీరో. ఆయన కొట్టుకి ఎద్దు వచ్చేది శుక్రవారాలు మాత్రమే. ఒక ఎద్దు, రెండు కిడ్నీలు, వాటిని చుట్టుకుని తెల్లటి గట్టి కొవ్వు. మొదటి శుక్రవారం గ్లెండా వెళ్ళి గాజు పెట్టె ముందు నిలబడింది. రెండు కిడ్నీలూ కళ్ళెదుటే నిగనిగలాడుతున్నాయి. అంతలో దోన్యా అంగుస్తియాస్ చక్రాల సంచీ ఈడ్చుకుంటూ వచ్చింది, కేక వేసింది, కుర్చీలో కూలబడింది, ఎవరి మనవరాలి పెళ్ళి ఎందుకు చెడిందో మొదట్నుంచీ చెప్పింది, లేచింది, "రెండూ కట్టు" అంది. కొవ్వుతో సహా పట్టుకుపోయింది.

"వచ్చే వారం నాకోసం పక్కన పెట్టు" అని గ్లెండా తనకొచ్చిన నాలుగు స్పానిష్ ముక్కల్లో కసిమీరోని బతిమాలింది.

"అమ్మో, పక్కన పెట్టడాలు లేవు రాణీ! ఎవరి వంతు వస్తే వాళ్ళకి. కాదని నేను దాచానా, ఈ ఆడాళ్ళు నన్నే కోసి ఆ కొక్కేనికి వేలాడదీస్తారు."

వారమంతా గ్లెండాకి నిద్ర లేదు. ఇంట్లో ఒక్కో వస్తువునీ చూసి, దీన్ని రాచ్‌డేల్ ఎలా మోసుకుపోతాం అనుకునేది. అంజూరచెట్టు దగ్గరికొచ్చేసరికి కళ్ళు తుడుచుకునేది. పందెం ఓడిపోతే ఏమవుతుందో ఆవిడకి బాగా తెలుసు. క్లైవ్ మాటంటే మాటే, బస్సు ఒకసారి కదిలిందంటే వెనక్కి తిప్పే రకం కాదు.

రెండో శుక్రవారం కొట్టు తెరవక ముందే వెళ్ళి గడప మీద నిలబడింది. కసిమీరో తలుపు తీయగానే ముందుగా లోపలికి అడుగుపెట్టింది ఆవిడే. గాజు పెట్టెకి ఎంత దగ్గరగా నిలబడిందంటే, ఊపిరికి గాజు మసకబారింది. కిడ్నీలు వచ్చాయి. కానీ కసిమీరో ఇంకా కొక్కేలు సర్దుతున్నాడు, కత్తులు నూరుతున్నాడు. ఈలోగా ఒక్కొక్కరే వచ్చారు, కేక వేశారు, కూర్చున్నారు. చివరికి దోన్యా అంగుస్తియాస్ వచ్చింది. కేక వేసింది. కూర్చుంది. కత్తి నూరడం అయిపోయింది. కసిమీరో తల ఎత్తి, గ్లెండా తల మీదుగా చూసి ముందు ఒకావిడని పిలిచాడు, తర్వాత ఇంకొకావిడని. దోన్యా అంగుస్తియాస్ సంచీ పట్టుకుని లేచింది.

అంతే, గ్లెండాలో ఏదో తెగింది. తన చక్రాల సంచీని ముసలావిడ సంచీకి అడ్డంగా తోసింది. రెండు సంచీల చక్రాలూ ముడిపడ్డాయి. స్పానిష్ క్రియాపదాలన్నీ ఎటో పారిపోయాయి.

"నేను ముందు రావడం!" అని అరిచింది. "నువ్వు తర్వాత రావడం! ఎప్పుడూ నేను నిలబడటం, మీరు దూరడం! పదేళ్ళు! నాకు మోకాళ్ళు లేకపోవడమా? సిగ్గు లేకపోవడమా మీకు?"

కసిమీరో చేతిలోని కత్తిని మెల్లగా కింద పెట్టాడు. దోన్యా అంగుస్తియాస్ నోరు వెళ్ళబెట్టి చూసింది, కోపంతో కాదు, ఆశ్చర్యంతో.

"అయ్యో పిల్లా, నువ్వు కొనడానికి వస్తావా?"

డెబ్బై నాలుగేళ్ళ గ్లెండాని ఎవరైనా పిల్లా అని పిలిచి చాలా కాలమైంది. "మాంసం కొట్టుకి మరెందుకు రావడం?" అంది.

"మరి ఎప్పుడూ అడగవేం?"

"ఏమని?"

"చివర ఎవరు అని! లోపలికి రాగానే అందరం అడుగుతాం కదే. చివరావిడ చెయ్యెత్తుతుంది. ఇక ఆవిడ తర్వాత నువ్వు. కూర్చో, బయటికి పో, ఊరంతా తిరుగు, నీ వంతు నీదే. అడగనివాళ్ళకి వంతెక్కడిది? మేం అడిగినప్పుడల్లా నువ్వు నవ్వి శుభోదయం అంటావు. కొనే మనిషి కాదనుకున్నాం."

పదేళ్ళుగా గ్లెండా పలకరింపనుకున్న ఆ కేక! ఎంతమందికి శుభోదయం చెప్పింది తను!

"కొనడానికి కాకపోతే ఎందుకొస్తాననుకున్నారు?" అని అడిగింది, గొంతు తగ్గించి.

ఆడవాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. కసిమీరో చేతులు ఏప్రానుకి తుడుచుకుంటూ నసిగాడు. "అదీ... మీ ఆయన షట్టర్లతో తప్ప మనుషులతో మాట్లాడడని ఊళ్ళో అందరికీ తెలుసు కదా రాణీ. ఇంట్లో ఏమీ తోచక, పాపం, నలుగురి మధ్య నిలబడదామని వచ్చి, పోతూ పోతూ మొహమాటానికి ఏదో కొంటున్నారనుకున్నాం. అందుకే మిమ్మల్ని చివరిదాకా ఉండనిచ్చేవాణ్ణి. ముందే ఇచ్చి పంపేస్తే బాధపడతారని."

"ఆ కిటికీ పక్క కుర్చీ నీదే" అంది మూల కూర్చున్న ఒకావిడ. "ఎప్పుడూ ఖాళీగానే ఉంచుతాం. నువ్వే కూర్చోవు."

గ్లెండా ఆ కుర్చీ వంక చూసింది. కూర్చుంటే వంతు పోతుందని పదేళ్ళుగా దాని పక్కకి కూడా వెళ్ళలేదు. తను వీళ్ళందర్నీ దొంగలని తిట్టుకుంటూ ఉంటే, వీళ్ళు తన కోసం కుర్చీ కాపలా కాస్తున్నారు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఆ వేడి ఎక్కడ తిరిగిందో తెలీదు గానీ నవ్వై బయటికొచ్చింది. కడుపు పట్టుకుని నవ్వింది. వెళ్ళి ఆ కుర్చీలో కూలబడి నవ్వింది. దోన్యా అంగుస్తియాస్‌కి కూడా అంటుకుంది. కసిమీరో గాజు పెట్టె మీద తల వాల్చేశాడు. అప్పుడే లోపలికొచ్చిన ఒకావిడ, "చివర ఎవరు?" అని అడిగితే గ్లెండా గాల్లోకి రెండు చేతులూ ఎత్తింది. కొట్టు మళ్ళీ గొల్లుమంది.

కళ్ళు తుడుచుకున్నాక దోన్యా అంగుస్తియాస్ అడిగింది. "ఇంతకీ నీకు కావాల్సిందేమిటి?"

"కిడ్నీలు. రెండూ. వాటి కొవ్వు కూడా."

నవ్వులు ఆగిపోయాయి. ఆ కొట్లో శుక్రవారం కిడ్నీలు ఎవరివో అందరికీ తెలుసు. గ్లెండా ఇక దాచలేదు. వచ్చినట్టు, విరిగిన భాషలోనే మొత్తం చెప్పేసింది. రేపు క్లైవ్‌కి ఎనభై అని, పుడ్డింగు పెట్టకపోతే తనని ఇంగ్లండుకి తీసుకుపోతాడని.

"ఇంగ్లండుకా? ఆ వానలోకా?" మూల కూర్చున్నావిడ శిలువ గుర్తు వేసుకుంది.

"పుడ్డింగు తియ్యనిది కదూ? అందులో కిడ్నీలేమిటి?" అని ఇంకొకావిడ.

"తియ్యనిది కాదు. పిండిలో పెట్టి, మూత కట్టి, పూటంతా ఆవిరి మీద ఉడికించడం."

"దేవుడా, ఆ ఎద్దు ఏం పాపం చేసిందని!"

దోన్యా అంగుస్తియాస్ మాత్రం ఆలోచించింది. "ఆ కిడ్నీలు నా అల్లుడి కోసం. వాడు తిని పళ్ళు కుట్టుకుంటూ పోతాడే గానీ బాగుందన్న పాపాన పోడు. కసిమీరో, రెండూ ఈ పిల్లకి కట్టు. కానీ ఒక షరతు. నువ్వు వండుతుంటే నేను చూడాలి."

శనివారం పొద్దున్నే ముసలావిడ వచ్చేసింది. ఏప్రాను కట్టుకుని, కుర్చీ పొయ్యి పక్కకి లాక్కుని మరీ కూర్చుంది. గ్లెండా కొవ్వు తురిమి పిండిలో కలిపి, ముద్ద చేసి, గిన్నె లోపలంతా పరిచి, మాంసం ముక్కలూ కిడ్నీ ముక్కలూ ఉల్లిపాయా నింపింది. మీద పిండి మూత అతికించే ముందు, గిన్నెకి కట్టే దారం కోసం పక్కగదిలోకి వెళ్ళింది. తిరిగొచ్చి మూత అతికించి, కాగితం కప్పి, దారం బిగించి, ఆవిరి మీదికి ఎక్కించింది. కాసేపటికి వంటింట్లో ఏదో కొత్త వాసన గుప్పుమంది. చూస్తే దోన్యా అంగుస్తియాస్ సంచీలోంచి షెర్రీ వైను సీసా మెడ బయటికొచ్చి ఉంది.

"పోశావా?"

"కాస్తంత."

"ఎంత?"

ముసలావిడ సీసా ఎత్తి చూపించింది. సగం లేదు. "ఎద్దు కిడ్నీని మందు పోయకుండా తింటారా ఎక్కడైనా? వాసన రాదూ? నీ సంసారం నిలబెడదామని పోశాను."

గ్లెండా నేలమీద చతికిలబడింది. ఇంకేమీ పడకూడదన్నాడు క్లైవ్. మళ్ళీ చేద్దామంటే కిడ్నీలూ లేవు, వేళా లేదు. ఇక అంతా అయిపోయింది. ఏడుద్దామనుకుంది గానీ, ఆ సీసా పట్టుకుని అమాయకంగా నిలబడ్డ ముసలావిడ మొహం చూస్తే ఏడుపు రాలేదు.

మధ్యాహ్నానికి పిలవని పేరంటం మొదలైంది. కొట్లో ఉన్న ఆడవాళ్ళంతా తలా ఒక గిన్నె పట్టుకుని వచ్చారు. ఇంగ్లీషు వింత చూడాలని కసిమీరో కూడా కొట్టు మూసి వచ్చాడు. క్లైవ్ కొత్త చొక్కా వేసుకుని అంజూరచెట్టు కింద బల్ల కొసన కూర్చుని, ఇంతమంది ఎందుకొచ్చారో తెలియక టై సర్దుకుంటున్నాడు. గ్లెండా పుడ్డింగుని పళ్ళెంలోకి బోర్లించింది. గిన్నె ఎత్తగానే అది చెక్కుచెదరకుండా, బంగారు రంగులో, పొగలు కక్కుతూ నిలబడింది. ఎవరో చప్పట్లు కొట్టారు. క్లైవ్ కత్తి అందుకున్నాడు.

"ఆగు" అంది గ్లెండా. "నువ్వు కొయ్యకముందే ఒక మాట చెప్తాను. అది బాగున్నా బాగాలేకపోయినా నేను రాను."

"ఏమిటి?"

"రాచ్‌డేల్‌కి. నేను రాను క్లైవ్. నాకిక్కడే ఉండాలని ఉంది. వెళ్తే నువ్వొక్కడివే వెళ్ళు, కార్డులు రాస్తూ ఉంటా."

క్లైవ్ కత్తి గాల్లోనే ఆగిపోయింది.

"ఆ మాంసం కొట్టు నుంచి రోజూ శాపనార్థాలు పెడుతూ వచ్చేదానివి. నీకీ ఊరంటే ఒళ్ళుమంటనుకున్నా. ఇన్నేళ్ళూ నాకోసం ఓర్చుకుంటున్నావేమోనని... రాత్రుళ్ళు అదే ఆలోచన. సగం నీకోసమే కదే ఇల్లు అమ్ముదామన్నది."

"నన్నడిగావా?"

"నువ్వు చెప్పావా?"

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళకి ఒక్క ముక్క అర్థం కాకపోయినా అందరూ ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. క్లైవ్ పుడ్డింగు కోశాడు. చెంచా నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. కనుబొమలు పైకి లేచాయి.

"దీంట్లో వైను పడింది."

"పడింది."

"పందెం ప్రకారం పడకూడదు."

"పడకూడదు."

"అంటే గెలిచింది నేనే."

"నువ్వే" అంది గ్లెండా. ఆవిడ చూపు దించలేదు.

క్లైవ్ రెండో చెంచా తీసుకున్నాడు, మూడోదీ తీసుకున్నాడు. మూతి తుడుచుకున్నాడు.

"గెలిచినవాడు చెప్పిందే జరగాలి కదా. అయితే విను. ఇక్కడే ఉంటున్నాం." అని పళ్ళెం దోన్యా అంగుస్తియాస్ వైపు జరిపి, ఇంకాస్త వెయ్యమని వేలితో సైగ చేశాడు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి.

గ్లెండా తుండుగుడ్డతో ఆయన నెత్తిన ఒక్కటి వేసింది. ఆ తర్వాత ఆ గుడ్డలోనే మొహం దాచుకుంది.